రెండో సెన్సార్ కొనకు: మేనల్లుడికి ఉత్తరం

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కన గ్రైండర్ నడుస్తోంది, సగం మాటలు వినపడలేదు. నీ గొంతులో టెన్షన్ మాత్రం తెలిసింది. రాత్రి ఇంటికొచ్చి తీరిగ్గా రాస్తున్నాను. ఉత్తరమైతే బండి పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవచ్చు.

నాకు అర్థమైనంతవరకు కథ ఇదీ. నీది 2014 స్విఫ్ట్ పెట్రోలు. ఏడాదిలో హెడర్ (ఇంజన్ నుంచి పొగ బయటకు తెచ్చే గొట్టాలు), ఫ్రీ ఫ్లో సైలెన్సర్, కోన్ ఫిల్టర్ వేయించావు. తర్వాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు వేరే బండివి పెట్టించి, కంప్యూటర్‌లోని పెట్రోలు లెక్కలు మార్పించావు, అదే రీమ్యాప్. ఇప్పుడు పెట్రోలు వాసన, ప్లగ్గుల మీద మసి. లీటరుకు 16 ఇచ్చే బండి 9కి పడింది. స్కానర్‌లో పి0135, పి0172 అనే లోపం కోడ్లు వచ్చాయి. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ మార్పించి కోడ్లు తుడిపించావు. రెండు రోజులు ఆరిన ఇంజన్ లైటు మళ్లీ వెలిగింది, మళ్లీ అవే రెండు కోడ్లు. ఇప్పుడు ఇంకా ఖరీదైన సెన్సార్ తెప్పించమంటున్నారు.

తెప్పించకు. పి0135 అంటే సెన్సార్‌ని వేడి చేసే హీటర్ లైన్లో లోపం. పి0172 అంటే మిక్చర్ రిచ్‌గా ఉందని, అంటే గాలికి మించి పెట్రోలు పోతోందని, దాన్ని సర్దడం తన చేతిలో లేదని కంప్యూటర్ మొరపెట్టుకోవడం. రెండో కోడ్‌లో సెన్సార్ మీద ఫిర్యాదే లేదు. లైటు రెండు రోజులు ఆరడానికి కారణం కూడా కొత్త సెన్సార్ కాదు. ఇలాంటి లోపం వరసగా రెండు ట్రిప్పుల్లో కనిపిస్తేనే కంప్యూటర్ లైటు వేస్తుంది. కోడ్ తుడిచారు కాబట్టి అది మళ్లీ లెక్క మొదటినుంచి మొదలుపెట్టింది, అంతే.

ఇక మీదట ఎవరు స్కానర్ పెట్టినా, తుడిచే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీసుకో. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత వేడి మీద ఉంది, ఎన్ని ఆర్పీఎంలో తిరుగుతోంది, ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం సర్దుతోందో) ఎంతుంది, అన్నీ అందులో రాసి ఉంటాయి. తుడిస్తే అవన్నీ పోతాయి. నీ బండి విషయంలో ఒకసారి పోయాయి కూడా.

కార్బరేటర్ బదులు ఇంజెక్టర్లుండే ఎం.పి.ఎఫ్.ఐ. బండ్లు మా షెడ్డుకు రావడం మొదలైన రోజుల్లో నేనూ ఈ తప్పే చేశాను. కార్బరేటర్ విప్పి జెట్లు కడిగిన చేతులు నావి, సెన్సార్లు కొత్త. ఒక ఎస్టీమ్ నల్ల పొగ వదులుతూ వచ్చింది. ఆక్సిజన్ సెన్సార్ మార్చాను, తగ్గలేదు. అది నకిలీదేమోనని ఇంకొకటి మార్చాను. చివరికి దొరికింది, ఇంజన్‌లోకి గాలి వెళ్లే మేనిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్‌కి వెళ్లే చిన్న రబ్బరు గొట్టం. కింది వైపు చీలిక వచ్చింది. గాలి లోపలికి పోయి, మేనిఫోల్డ్‌లో ఒత్తిడి ఎక్కువుందని సెన్సార్ చెబుతోంది, ఇంజన్ మీద బరువు పడిందనుకుని కంప్యూటర్ పెట్రోలు కుమ్మరిస్తోంది. నా ఆక్సిజన్ సెన్సార్లు రెండూ నిజమే చెప్పాయి, నేనే వినలేదు. ఆ రెండు సెన్సార్ల డబ్బు కస్టమర్‌కి తిరిగిచ్చేశాను.

అందుకే నువ్వు మొదట తేల్చాల్సింది ఒక్కటే: ఇంజన్ నిజంగా రిచ్‌గా నడుస్తూ సెన్సార్ ఆ మాటే చెబుతోందా, లేక సెన్సార్ తప్పు చెబితే కంప్యూటర్ దాన్ని నమ్మి రిచ్ చేస్తోందా? రెండిట్లోనూ ప్లగ్గులు నల్లగానే ఉంటాయి, వాసనా వస్తుంది. కానీ మందులు పూర్తిగా వేరు.

తేల్చడానికి ట్రిమ్ చూడాలి. నీ దగ్గరున్న బ్లూటూత్ స్కానర్ చాలు. ఇంజన్ బాగా వేడెక్కాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చదువు, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఒకసారి, 2500 ఆర్పీఎంలో ఒకసారి. ప్లస్ అంటే కంప్యూటర్ పెట్రోలు కలుపుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. 10 లోపల ప్లస్ అయినా మైనస్ అయినా కంగారు లేదు. మైనస్ 20, మైనస్ 25 కనిపిస్తే సెన్సార్ రిచ్ అని చెబుతోంది, కంప్యూటర్ తగ్గించలేక అలసిపోతోంది. అప్పుడు పెట్రోలు ఎక్కడినుంచి ఎక్కువ వస్తోందో వెతకాలి. ప్లస్ 15, ప్లస్ 20 ఉండి ప్లగ్గులు నల్లగా ఉంటే మాత్రం సెన్సార్‌కి తప్పుడు కబురు అందుతోంది. ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంచెం ఎక్కువ పోయాలి కాబట్టి, పాత పెట్రోలుకు ట్యూన్ చేసిన బండిలో ట్రిమ్ సహజంగా ప్లస్ వైపు జరుగుతుంది. ఆ ఇ20 మీద కూడా నీకు మైనస్ 20 వస్తే అది చిన్న రిచ్ కాదు.

సెన్సార్ మాట ఒక్కదాన్నే నమ్మాల్సిన పని లేదు. పొల్యూషన్ చెక్ చేసే చోట గ్యాస్ ఎనలైజర్ ఉంటుంది. నీలాంటి బిఎస్4 పెట్రోలు కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హెచ్‌సీ (కాలని పెట్రోలు ఆవిరి) 200 పీపీఎం దాటకూడదు. సర్టిఫికెట్ కోసమని కాకుండా, ఆ అంకెలు చూపించమని అడుగు. కార్బన్ మోనాక్సైడ్ 2, 3 శాతం చూపిస్తే రిచ్ అన్నది సందేహం లేకుండా తేలిపోయినట్టే. ఈ పరీక్ష ఎందుకో మనవాళ్లు ఎవరూ వాడుకోరు. వందల్లో పోయే ఖర్చు, వేలల్లో పోయే సెన్సార్‌ని ఆపుతుంది.

ట్రిమ్ ప్లస్‌లో వస్తే నేరుగా హెడర్ దగ్గరకు వెళ్లు. పి0172 చూస్తే మైనస్ వచ్చే అవకాశమే ఎక్కువ, అయినా ప్లస్ వస్తే అనుమానం అక్కడే. సెన్సార్ చూసేది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని. లీన్‌గా (పెట్రోలు తక్కువగా) ఉంటే 0.1 వోల్టు దగ్గర, రిచ్‌గా ఉంటే 0.9 దగ్గర చూపిస్తుంది, మధ్య గీత 0.45. హెడ్డుకీ హెడర్‌కీ మధ్య గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోయినా, సెన్సార్ కంటే ముందు వెల్డింగ్‌లో సన్నటి రంధ్రం ఉన్నా, పొగ తోపుకీ తోపుకీ మధ్య బయటి గాలి లోపలికి లాక్కుంటుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి సెన్సార్ లీన్ అంటుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. మిస్ కొట్టే సిలిండర్ కూడా ఇదే పని చేస్తుంది, కాలని గాలి అలాగే బయటకొస్తుంది కదా. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి బానెట్ దగ్గర చెవి పెట్టు. టిక్ టిక్ అని వినిపించి, వేడెక్కాక తగ్గితే లీకు ఉన్నట్టే. వినపడకపోతే, ఇంజన్ ఆపి చల్లారాక వాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే వైపు గొట్టాన్ని సైలెన్సర్ చివర పెట్టి గుడ్డ చుట్టు, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లు. బుడగలు అబద్ధం చెప్పవు.

జాయింటుకు ఏ సిలికాన్ పడితే అది పూయనివ్వకు. మామూలు సిలికాన్ ఆవిరి సెన్సార్‌ని చంపేస్తుంది. సెన్సార్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే వాడాలి.

హీటర్ కోడ్ సంగతి. సెన్సార్ దాదాపు 300 డిగ్రీల పైకి వెళితేగానీ పనిచేయదు. అందుకే లోపల హీటర్ ఉంటుంది. కొత్త సెన్సార్ పెట్టినా పి0135 వచ్చిందంటే చాలావరకు తప్పు వైరులోనో ఫ్యూజులోనో ఉంటుంది. హెడర్ వేసినప్పుడు సెన్సార్ కిందికి దిగింది, వైరు చాలక అతుకేసి పొడిగించారని నువ్వే అన్నావు. ఆ అతుకు చూడు, హెడర్‌కి తగిలి కరిగి ఉండొచ్చు. నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండు హీటరువి. సెన్సార్ కప్లర్ విప్పి ఆ రెండింటి మధ్య మీటర్ పెడితే చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓములు చూపించాలి. అసలు కదలకపోతే కొత్త సెన్సారే చెడ్డది. సెన్సార్ బాగుంటే ఇంజన్ నడుస్తుండగా బండి వైపు కప్లర్‌లో 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడు. అతుకు మళ్లీ వేయాల్సొస్తే టంకం వద్దు, క్రింప్ (నొక్కి బిగించడం) చేయించు. చాలా సెన్సార్లు పోల్చుకోవడానికి బయటి గాలిని వైరు పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి, టంకం ఆ దారి మూసేస్తుంది.

ఇంకొకటి అడగడం మర్చిపోయాను. ఎండాకాలంలో వేడెక్కుతోందని ఎవరైనా థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలంట్ ఆపేది) తీసేశారా? మన దగ్గర ఇది పెద్ద జబ్బు. చాలామంది మేలు చేస్తున్నామనుకునే తీసి పారేస్తారు. నాకు ఇది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత ఇంజన్ రోడ్డు మీద 60, 65 డిగ్రీలు దాటదు. కంప్యూటర్ ఇంకా చలి ఇంజన్ అనుకుని అదనపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. స్కానర్‌లో కూలంట్ వేడి చూడు. అరగంట నడిపాక కూడా 80 దాటకపోతే, ఇంకేదీ ముట్టుకోకుండా ముందు కొత్త థర్మోస్టాట్ వేయించు.

ట్రిమ్ మైనస్‌లో వస్తే ఇంజెక్టర్లే మొదటి ముద్దాయి. పాతవాటికంటే పావు వంతు ఎక్కువ పోసే ఇంజెక్టర్ పెట్టి, రీమ్యాప్‌లో ఆ లెక్క మార్చకపోతే, కంప్యూటర్ తన చేతిలో ఉన్న తగ్గింపంతా అక్కడే ఖర్చు పెట్టేస్తుంది. రీమ్యాప్ చేసినవాళ్లని ఇంజెక్టర్ సైజు మార్చారా, ఏ అంకె వేశారు అని సూటిగా అడుగు. పాత ఇంజెక్టర్లు నీ దగ్గరే ఉంటే, కంప్యూటర్‌లోని పాత మ్యాప్‌తో పాటు అవి వెనక్కి వేసి ట్రిమ్ చూడటం అన్నిటికంటే తేలిక దారి. రెండూ కలిపే వెనక్కి వెళ్లాలి, ఒకటి అటు ఒకటి ఇటు వద్దు. పాతవి వేసినా మైనస్ తగ్గకపోతే పెట్రోలు ప్రెషర్ కొలిపించు. 3 బార్ ఉండాల్సిన చోట 4 ఉంటే ఇంజెక్టర్ దాదాపు 15 శాతం ఎక్కువ పోస్తుంది. పెట్రోలు ట్యాంకు ఆవిరిని ఇంజన్‌కి పంపే పర్జ్ వాల్వ్ గొట్టాన్ని ఐడిల్‌లో నొక్కిపట్టి ట్రిమ్ కదిలిందేమో చూడు. మ్యాప్ సెన్సార్‌ని ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ ఆఫ్‌లో చదువు. మీ హైదరాబాదు ఎత్తుకి 95 కిలోపాస్కల్ దగ్గర ఉండాలి, ఇక్కడ మాకు 100 చూపిస్తుంది.

ఆయిల్ గేజి కడ్డీ తీసి వాసన చూడు. పెట్రోలు వాసనొస్తే ఆయిల్ వెంటనే మార్చు. ఇన్నాళ్లు రిచ్‌గా నడిచిన ఇంజన్లో పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగుతుంది. ఆ ఆవిరి మళ్లీ ఇన్‌టేక్‌లోకే పోయి నీ అంకెలన్నీ పాడుచేస్తుంది. పాత ఆయిల్‌తో ట్రిమ్ చదివి నిర్ణయాలు తీసుకోకు.

హెడర్ వేసినప్పుడు క్యాట్ కన్వర్టర్ (పొగలోని విషం తగ్గించేది) ఉంచారా, కోసేశారా? కోసేసి ఉంటే వెనక్కి పెట్టించు. ఈ మాట పెద్దవాడిగా చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర నువ్వు ఒంటరివైపోతావు. ఉంచి ఉంటే మాత్రం ఇలా రిచ్‌గా తిప్పకు. కాలని పెట్రోలు అందులో కాలి లోపలి జల్లెడ కరిగిపోతుంది.

ఇంకా పెద్ద ఇంజెక్టర్లతోనే ఉండాలని నీ పట్టుదల అయితే, వైడ్‌బ్యాండ్ గేజి పెట్టించుకున్నాకే మళ్లీ ట్యూనింగ్‌కి ఇవ్వు. నీ బండిలోని ఆక్సిజన్ సెన్సార్ రిచ్ వైపో లీన్ వైపో మాత్రమే చెబుతుంది, ఎంత అన్నది చెప్పలేదు.

ఇవన్నీ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో చేయకు. రిచ్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ విషం ఎక్కువ, దానికి వాసన కూడా ఉండదు. బయట ఖాళీ స్థలంలో, ఎవరో ఒకరు తోడుండగా చేయి. మీ అమ్మ నాకు ఒక్కతే చెల్లెలు.

ఆదివారం పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. ఆ టిక్ టిక్ ఉంటే ఫోన్లో రికార్డు చేసి పంపు. ఐడిల్‌లో ట్రిమ్, 2500లో ట్రిమ్, కూలంట్ వేడి, పొల్యూషన్ కాగితం, నాలుగు ప్లగ్గులూ సిలిండర్ వరసలో పెట్టి తీసిన ఫొటో, ఇవి వస్తే ఇక్కడినుంచే తర్వాత ఏం విప్పాలో చెబుతాను. పదకొండు దాటాక ఫోన్ చెయ్యి, ఆ టైముకి గ్రైండర్ ఆపిస్తాను.

మీ మావయ్య