గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఇంతేనా?

"అన్నా, ఉద్యోగం బానే ఉంది, జీతం టైముకి పడుతోంది, ఎవరూ ఒక్క మాట అనట్లేదు. కానీ ఆదివారం సాయంత్రం అయ్యేసరికి దిగులు మొదలవుతోంది." అమెరికా వచ్చి మూడు నాలుగేళ్లయిన పిల్లలు చాలామంది నాతో ఇలాగే మొదలుపెడతారు. అదే ప్రాజెక్టు, అవే టికెట్లు (సరిచేయమని వచ్చే పనులు), స్టాండప్ అనే రోజువారీ మీటింగ్‌లో నిన్న చెప్పిందే ఇవాళా చెప్పడం. నేను జవాబు చెప్పేలోపే వాళ్లే ముగించేస్తారు: "ఏం చేస్తాంలే, గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఇంతే కదా."

ఆ చివరి మాటని ఒప్పుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇండియాలో పుట్టినవాళ్లకి ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డ్ ఇచ్చే ఈబీ-2, ఈబీ-3 కేటగిరీల్లో వరుస పదేళ్లు ఎప్పుడో దాటిపోయింది. ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి చట్టంలో ఉన్నన్నాళ్లూ అది చటుక్కున తగ్గే వరుస కాదు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో "కార్డ్ వచ్చాక చూద్దాం" అనుకోవడమంటే, నలభై దాటాక చూద్దాం అనుకోవడమే. పని మీద పట్టు దొరికే వయసంతా ఆ నిరీక్షణలో గడిచిపోతే, కార్డ్ చేతికొచ్చిన రోజు వెళ్లడానికి తలుపులు తెరిచే ఉంటాయి, వెళ్లగలిగే నైపుణ్యం మాత్రం ఉండదు.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీకున్నది విసుగా, అలసటా, అంతకంటే లోతైనదా? పని కొత్తగా లేక విసుగొస్తే సెలవు తీసుకున్నా పోదు, పని మారితేనే పోతుంది. నెలల తరబడి రాత్రి కాల్స్‌తో, ఆన్‌కాల్‌తో ఒళ్లు అలిసిపోతే విశ్రాంతి కావాలి, ఆ స్థితిలో కొత్త కోర్సులు మొదలుపెడితే ఇంకా కుంగిపోతారు. నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం వారాలకొద్దీ ఉంటే అది కెరీర్ సమస్యగా చూడకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చాలా కంపెనీల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ ఉంటుంది, కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితంగా ఇస్తారు, అక్కడ మీరు మాట్లాడింది మీ మేనేజర్‌కి చేరదు. మనవాళ్లు దాన్ని వాడుకోవడం చాలా తక్కువ. మరీ నలిగిపోతున్న రాత్రి, అలాంటివాళ్ల కోసమే ఉన్న 988 హెల్ప్‌లైన్ నంబర్‌కి ఫోన్ చేయొచ్చు, వీసా ఏంటని అక్కడ ఎవరూ అడగరు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇక్కడ ఒంటరిగా ఉండే పిల్లలకి ఈ మాట ముందుగా చెప్పకుండా కెరీర్ సలహాలు ఇవ్వడం నాకిష్టం లేదు.

సరే, విసుగే అనుకుందాం. అప్పుడు వీసా నిజంగా దేన్ని ఆపుతోందో, మన భయం దేన్ని ఆపుతోందో విడదీసి చూడాలి. వచ్చిన కొత్తలో ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి.

హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉంటే కంపెనీ మారొచ్చు. కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ చేసి అది అందితే చాలు, అప్రూవల్ రాకముందే చేరే వెసులుబాటు 2000లో వచ్చిన ఏసీ21 చట్టం నుంచీ ఉంది. ధైర్యం చాలకపోతే అదనపు ఫీజుతో త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్ పెట్టించి, అప్రూవల్ చూసుకునే రాజీనామా ఇవ్వండి, అందులో తప్పు లేదు. గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్, అంటే ఐ-140, అప్రూవ్ అయి 180 రోజులు గడిచాక పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, హెచ్-1బీ మామూలు గడువైన ఆరేళ్ల తర్వాత పొడిగింపులకి అది పనికొస్తుంది. వరుసలో మీ చోటు చెప్పే ప్రయారిటీ డేట్ మీతోనే వస్తుంది. కొత్త కంపెనీ పెర్మ్ (ఐ-140కి ముందు కార్మిక శాఖ నుంచి తీసుకునే సర్టిఫికేషన్), ఐ-140 మళ్లీ చేయాలి, కానీ వరుసలో మీ చోటు పోదు. "కంపెనీ మారితే గ్రీన్ కార్డ్ మళ్లీ మొదటికొస్తుంది" అని వారాంతం పార్టీల్లో తిరిగే మాట విని ఎంతమంది ఏళ్లకేళ్లు కదలకుండా ఉండిపోయారో!

నిజంగా జాగ్రత్తపడాల్సిన కాలం ఒకటుంది. హెచ్-1బీ ఐదో ఏడు నడుస్తూ పెర్మ్ ఇంకా ఫైల్ కాకపోతే అప్పుడు మారడం ప్రమాదమే. ఆరేళ్లు దాటాక ఏడాది పొడిగింపు కావాలంటే పెర్మ్ గానీ ఐ-140 గానీ ఫైల్ అయి 365 రోజులు గడిచి ఉండాలి. అందుకే నేను అడిగినవాళ్లందరికీ చెప్పేది, కదలాలనిపిస్తే మొదటి మూడేళ్లలో కదలండి, లేదా ఐ-140 వచ్చి ఆ 180 రోజులు నిండాక కదలండి. మధ్యలో ఉన్న కాలాన్ని నేర్చుకోవడానికి వాడండి. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీ కాగితాలు పట్టుకుని సొంతంగా ఒక అటార్నీతో గంటసేపు మాట్లాడండి. కంపెనీ అటార్నీ ముందుగా కంపెనీ మనిషి. వాళ్లని "నేను మానేస్తే ఏమవుతుంది" అని అడగలేం కదా.

ఇక వీసా ఆపనివి చూడండి. అదే హోదాలో ఉంటూ కొత్త టెక్నాలజీ నేర్చుకోవడం, పక్క టీమ్ పనిలో చెయ్యి పెట్టడం, మీటింగ్‌లో ముందుకొచ్చి డెమో ఇవ్వడం, వీటిలో దేనికీ వీసా పిటిషన్‌లో సవరణ (అమెండ్‌మెంట్) అక్కర్లేదు. పని స్వరూపమే మారిపోతేనో, ఆఫీసు వేరే మెట్రో ఏరియాకి మారితేనో కొత్త పిటిషన్ సంగతి వస్తుంది. పార్ట్‌టైంగా చదువుకోవచ్చు కూడా. కంపెనీ ట్యూషన్ సాయం ఇస్తే ఏడాదికి 5,250 డాలర్ల వరకు దాని మీద మీకు పన్ను పడదు. మీ బెనిఫిట్స్ పోర్టల్‌లో ఆ పేజీ ఎప్పుడైనా తెరిచారా? చెయ్యకూడనిది మాత్రం గుర్తుంచుకోండి, హెచ్-1బీ మీద పక్క ఆదాయం కోసం ఫ్రీలాన్స్ పని చెయ్యకూడదు. ఉత్సాహం కోసం మొదలుపెట్టిన సొంత యాప్‌కి డబ్బులు రావడం మొదలైతే స్టేటస్‌కే ముప్పు.

ఎస్టెమ్ ఓపీటీ మీద, అంటే సైన్స్, టెక్నాలజీ చదువులు ఇక్కడ పూర్తిచేసి స్టూడెంట్ వీసా మీదే పనిచేస్తున్న పిల్లలకి ఒక ప్రత్యేకమైన మాట. మీ శిక్షణ ప్రణాళిక అయిన ఐ-983 ఫారం తీసి మళ్లీ చదవండి. మీకు ఏం నేర్పిస్తారో, ఎవరు చూసుకుంటారో అందులో రాసి కంపెనీ సంతకం పెట్టింది. పన్నెండు నెలలకొకసారి మీరు చేసే సెల్ఫ్ ఎవాల్యుయేషన్ మీద కూడా వాళ్ల సంతకం కావాలి. చాలామంది దాన్ని కాలేజీకి పంపాల్సిన కాగితంలా పూర్తిచేసి పంపేస్తారు. నా ఉద్దేశంలో మేనేజర్ ముందు కూర్చుని "ఇందులో రాసుకున్న ఈ పని నాకింకా రాలేదు, వచ్చే మూడు నెలల్లో ఇప్పించగలరా" అని అడగడానికి అంతకంటే మంచి ఆధారం ఇంకోటి లేదు.

అడగడం దగ్గరే మనవాళ్లు వెనకపడతారు. బాగా చేస్తే పైవాళ్లే చూసి ఇస్తారులే అని పెరిగాం. ఇక్కడ మేనేజర్లు చెడ్డవాళ్లని కాదు, మీరేం కోరుకుంటున్నారో మీరు చెబితేనే వాళ్లకి తెలుస్తుంది. నోరెత్తకుండా టికెట్లు మూసేస్తూ పోయే మనిషి అదే పనిలో సంతోషంగా ఉన్నాడనే అనుకుంటారు. మేనేజర్‌తో విడిగా జరిగే వన్ ఆన్ వన్ మీటింగ్‌లో "బోర్ కొడుతోంది" అనకండి. "ఈ మాడ్యూల్ సపోర్ట్ నాకు పూర్తిగా పట్టుబడింది, నా సమయంలో ఐదో వంతు ఫలానా పని మీద పెట్టాలనుంది, ఈ సపోర్ట్‌ని రెండో మనిషికి నేనే నేర్పిస్తాను" అనండి. ఫలానా పని ఏదో పేరు పెట్టి చెప్పాలి. పాతది ఎవరు చూస్తారన్నది మీరే చెప్పాలి. ఈ రెండూ లేకుండా అడిగితే "చూద్దాం" అంటారు, అంతటితో అయిపోతుంది.

కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేసేవాళ్లకి ఇది ఇంకాస్త చిక్కు. రోజువారీ పని క్లయింట్ మేనేజర్ చేతిలో, కాగితాలు ఎంప్లాయర్ చేతిలో. కొత్త పని అడగాల్సింది క్లయింట్ దగ్గరే. ఎంప్లాయర్ దగ్గర మాత్రం మీ ఎల్‌సీఏ (హెచ్-1బీ కోసం మీ పని, జీతం చెబుతూ వాళ్లు కార్మిక శాఖకి ఇచ్చే దరఖాస్తు) కాపీ అడిగి తీసుకోండి, అది మీకివ్వడం వాళ్ల బాధ్యత. అందులో సాధారణంగా జీతం స్థాయి, అంటే వేజ్ లెవెల్, ఒకటి నుంచి నాలుగు దాకా ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఐదేళ్ల అనుభవం తర్వాత కూడా మీ పేరు మీద అన్నిటికంటే కిందిదైన లెవెల్ వన్ ఉంటే, విసుగుకి సగం కారణం అక్కడే దొరికినట్టు. ఈ విసుగులోనే కొందరు లేని అనుభవం రెజ్యూమేలో రాయించుకుని, ఇంటర్వ్యూకి ఇంకొకరిని కూర్చోబెట్టి మారతారు. దయచేసి ఆ దారిలోకి వెళ్లొద్దు. రాని పనిలో రోజూ భయపడుతూ బతకడం పక్కన పెట్టినా, తప్పుడు అనుభవంతో వేసిన పిటిషన్ ఎన్నేళ్ల తర్వాతైనా గ్రీన్ కార్డ్‌కి అడ్డుపడుతుంది.

ఉత్సాహం ఎలా నిలుపుకోవాలని అడుగుతారు. పొద్దున్నే లేవడం, లక్ష్యాలు గోడకి అంటించడం లాంటివి నేను చెప్పను. నేను చూసినంతలో మనిషికి పని మీద మనసు నిలిచేది, తన పని ఎవరికి అక్కరకొస్తోందో కళ్లారా చూసినప్పుడే.

నాకు తెలిసిన ఒకమ్మాయి ఇన్సూరెన్స్ కంపెనీ ప్రాజెక్టులో టెస్టర్. ప్రతి రిలీజ్‌కీ అదే స్క్రీన్, అవే టెస్ట్ కేసులు. మానేద్దామా అనుకునే దశలో, క్లెయిమ్స్ చూసేవాళ్ల పక్కన ఒక పూట కూర్చుంటానని అడిగింది. ఎవరూ కాదనలేదు. అక్కడ ఒక పెద్దావిడ ఒక స్క్రీన్ మీద పాలసీ నంబర్ చూసి, చిన్న చీటీ మీద పెన్నుతో రాసుకుని, ఇంకో స్క్రీన్‌లో మళ్లీ టైప్ చేస్తోంది. ప్రతి క్లెయిమ్‌కీ అంతే. ఒక అంకె తప్పితే మళ్లీ మొదటికి. ఏళ్లుగా ఈ అమ్మాయి "పాస్" అని గుర్తుపెడుతున్న స్క్రీన్లే అవి, కానీ ఆ చీటీ సంగతి ఏ టెస్ట్ కేసులోనూ లేదు. వెనక్కొచ్చి అరపేజీ రాసి, నంబర్ దానంతటదే రెండో స్క్రీన్‌లోకి వచ్చేలా చెయ్యమంది. చిన్న మార్పే. తర్వాతి రిలీజ్‌లో వెళ్లింది. ఆ తర్వాత క్లెయిమ్స్ వాళ్లకి ఏ ఇబ్బంది వచ్చినా ఈ అమ్మాయినే పిలవమనేవారు. అలా అలా బిజినెస్ ఎనలిస్ట్ పనులు తన దగ్గరికి రావడం మొదలైంది. ఆ మార్పు కాగితాల మీదికి రాకముందే అటార్నీతో మాట్లాడుకుంది, అది కూడా మంచి పనే చేసింది.

మీ పనిని వాడేవాళ్లు ఎవరో మీకు తెలుసా? తెలియకపోతే మొదట చెయ్యాల్సింది అదే.

రెండోది, శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసేముందు ఆ వారం చేసింది రెండు లైన్లు రాసుకోండి. "టికెట్లు చూశాను" అని రాస్తే ఉపయోగం లేదు. "రాత్రి బ్యాచ్ జాబ్ నాలుగు గంటలు పట్టేది, ఇండెక్స్ మార్చాక గంటలోపు అయిపోతోంది" అని రాయండి. ఏడాది చివర సెల్ఫ్ రివ్యూకి, రేపు ఇంటర్వ్యూకి పనికొచ్చే ముడిసరుకు ఇదే. రాయడానికి ఏమీ లేని వారాలు వరసగా వస్తుంటే, కదలాల్సిన సమయం వచ్చిందని మీ రాతే మీకు చెబుతుంది. క్లయింట్ డేటా, కోడ్ మాత్రం సొంత నోట్స్‌లోకి తీసుకోకండి.

ఉద్యోగం చేస్తున్న మీ సంగతే ఇలా ఉంటే, ఇంట్లో హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీద ఉన్న మనిషి సంగతి ఆలోచించండి. అక్కడ ఇంజనీరుగా, టీచరుగా పనిచేసి వచ్చి ఇక్కడ ఖాళీగా కూర్చోవడం చాలా బరువు. మీ ఐ-140 అప్రూవ్ అయితే వాళ్లకి ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి, తీసుకోవచ్చు, 2015 నుంచి ఆ అవకాశం ఉంది. కాబట్టి పెర్మ్ ఎప్పుడు మొదలుపెడతారని కొత్త కంపెనీని ఆఫర్ దశలోనే అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం ఇద్దరి కెరీర్లకీ సంబంధించిన విషయం. ఈలోపు హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డేమీ లేదు, కమ్యూనిటీ కాలేజీ కోర్సులు చాలామందికి అందుబాటులోనే ఉంటాయి.

చివరికి మారాలనే నిర్ణయించుకుంటే, రాజీనామా ఇచ్చే ముందు కాగితాలు సర్దుకోండి. ఇమిగ్రేషన్ వాళ్లు పంపిన ఐ-797 నోటీసులన్నీ, పే స్టబ్స్, ఐ-140 కాపీ లేదా కనీసం దాని రిసీట్ నంబర్ మీ సొంత మెయిల్‌లో ఉండాలి. 401(కే) రిటైర్‌మెంట్ ఖాతాలో కంపెనీ వేసిన వాటా ఎంత వెస్ట్ అయిందో (మీ సొంతమైందో), షేర్లు ఏ తేదీన వస్తాయో చూసుకుని నోటీసు తేదీ పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా మీ మేనేజర్ దగ్గర ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకోండి. చేరిన తేదీ, మానిన తేదీ, ఫుల్‌టైం అన్న మాట, చేసిన పనులు, వాడిన టెక్నాలజీలు పేరుపేరునా అందులో ఉండాలి. తర్వాతి కంపెనీ వేసే పెర్మ్‌కి అది కావాలి. సంబంధాలు బాగున్నప్పుడు అడిగితే సాయంత్రానికల్లా వచ్చే లెటర్, ఆ మేనేజర్ మానేశాకో కంపెనీ చేతులు మారాకో అడిగితే నెలలు తిరిగినా రాదు. అప్పుడిక పాత సహోద్యోగులని బతిమాలి అఫిడవిట్లు రాయించుకోవాల్సి వస్తుంది.