సముద్రం చీలినా కన్ను చెమర్చలేదు

ప్రశ్న: చర్చి ఆవరణలో తెర కట్టి, బైబిల్లోని మోషే ప్రవక్త కథతో తీసిన హాలీవుడ్ సినిమా 'టెన్ కమాండ్‌మెంట్స్' వేశారు. సముద్రం చీలుతుంటే అందరూ నోరెళ్లబెట్టారు. నాకేమో 'కరుణామయుడు' చూసినప్పటిలా కన్నీళ్లు రాలేదు. లోపం నాదేనా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీది కాదమ్మా! 1956 నాటి ఆ సముద్రం, తొట్టిలోకి నీళ్లు కుమ్మరించి, ఫిల్మును వెనక్కి తిప్పి చూపిన గారడీ. ఆస్కార్ కూడా ఆ గారడీకే దక్కింది. నాకైతే అందులో పసివాణ్ని బుట్టలో పెట్టి నదిలో వదిలే తల్లే గుర్తు. 'కరుణామయుడు'లో విజయచందర్ సిలువ మోస్తుంటే, నల్గొండ హాల్లో నా పక్కనున్న అవ్వ, బత్తాయి తోటల్లో కూలి చేసుకునే మనిషి, "అయ్యో కొడుకా!" అని గుండెలు బాదుకుంది. ఆమె క్రైస్తవురాలేమీ కాదు. 2014లో మోషే కథను కంప్యూటర్ హంగులతో మళ్లీ తీశారు. అలలు ఆకాశానికి లేచాయి. నేను గడియారం చూసుకున్నాను.