నిదానమా, నిర్ధారణా?

సందేహం: పెట్రి నెట్ల (ఘటనల క్రమాన్ని బొమ్మగా గీసి చూపే గణిత నమూనాల) సాయంతో యంత్ర వ్యవస్థల్లో లోపాలను పసిగట్టే పద్ధతి గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘ఫాల్ట్ డయాగ్నసిస్’ను ‘లోప నిర్ధారణ’ అన్నాను. మా మాస్టారు ‘లోప నిదానం’ అని దిద్దారు. నిదానం అంటే నెమ్మది కదా, చదివినవాళ్లు నవ్వరా? ‘డిస్క్రీట్ ఈవెంట్ సిస్టమ్’కు ‘వివిక్త ఘటనా వ్యవస్థ’, ‘పెట్రి నెట్’కు ‘పెట్రి జాలం’ అనేవి సరేనా?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. మీ మాస్టారి దిద్దుబాటే నాకు నచ్చింది.

నిర్ధారణ అంటే సందేహం తీరాక ‘ఇదే’ అని తేల్చి చెప్పడం. ఇప్పుడు పత్రికల్లో రోగపరీక్షకు రక్తం తీసినా నిర్ధారణే, ఫలితం కాగితం చేతికొచ్చినా నిర్ధారణే. వెతకడానికీ తేల్చడానికీ ఒకే మాట వాడేస్తే నడుమ ఉన్న అనుమానానికి పేరేదీ? పత్రికలవాళ్లు ఈ తేడా కాస్త పట్టించుకోవాలి.

ఇక నిదానం. ఋగ్వేదంలో ఈ మాటకు అర్థం పలుపు, పశువును కట్టే తాడు. ‘దా’ ధాతువుకు కట్టడమనే అర్థం ఒకటుంది. యశోద కన్నయ్య పొట్టకు చుట్టి రోటికి కట్టిన దామమూ అక్కడిదే. దామోదరుడన్న పేరు దానివల్లే వచ్చింది. పలుపు పట్టుకుని వెనక్కి నడిస్తే కట్టుగొయ్య దొరుకుతుంది. మూలకారణానికి ఈ పేరు అలాగే వచ్చి ఉంటుందని నా ఊహ. వైద్యులు దాన్ని రోగకారణానికీ, ఆ కారణాన్ని వెతికే విద్యకూ వాడారు. పాతకాలపు ఆయుర్వేద వైద్యుడు మాధవకరుడు రోగాలపై రాసిన తన గ్రంథానికి పెట్టుకున్న పేరు ‘రుగ్వినిశ్చయం’. వినిశ్చయమంటే నిర్ధారణే కాబట్టి ఆ పేరు మీ పక్షాన నిలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ లోకం ఆ పుస్తకాన్ని మాధవనిదానమనే పిలిచింది. ‘నిదానే మాధవః శ్రేష్ఠః’ (నిదానంలో మాధవుడే మేటి) అని మెచ్చుకుంది.

మన తెలుగులో ‘నిదానించి చూడటం’ అనే మాట ఉండనే ఉంది. మొన్న మా ఇంట్లో మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు ఎక్కలేదు. మెకానిక్ కుర్రాడొచ్చి పంపులో చెంబుడు నీళ్లు పోసి స్విచ్ వేశాడు. నీళ్లొచ్చాయి. బాగయిపోయిందనుకుని నేను డబ్బు తీయబోతే, “ఆగండి మాస్టారూ, నిదానించి చూడాలి” అన్నాడు. గాలి ఒక్కసారి పట్టి ఉండొచ్చు, సంపులో గొట్టం అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు కారుతూనూ ఉండొచ్చు. ఆ క్షణానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మోటారు ఆపి, అరగంట కూర్చుని, మళ్లీ వేశాడు. నీళ్లు రాలేదు. “ఫుట్‌వాల్వేనండి” అన్నాడు. ఆ చివరి మాట నిర్ధారణ, అంతకుముందు జరిగిందంతా నిదానం.

మీ శాస్త్రమూ ఇదే చెబుతోంది. కార్ల్ ఆడమ్ పెట్రి 1962 నాటి సిద్ధాంతగ్రంథం నుంచి పెరిగిన ఈ వలల్లో (అంటే మీ పెట్రి నెట్లలో) స్థానాలు, సంక్రమణాలు (అంటే జరిగే ఘటనలు), స్థానాల్లో బిళ్లలు ఉంటాయి. సంక్రమణానికి దారితీసే ప్రతి స్థానంలోనూ చాలినన్ని బిళ్లలుంటేనే అది జరగగలదు. జరిగితే బిళ్లల అమరిక మారుతుంది. సంక్రమణాల్లో కొన్ని మన కంటికి తెలుస్తాయి, కొన్ని తెలియవు. లోపం ఆ తెలియనివాటిలో ఒకటి. కనిపించిన ఘటనల వరుసను బట్టి లోపం జరిగిందనో, జరగలేదనో, ఇంకా చెప్పలేమనో అంటారు. ఈ మూడో జవాబు ‘నిర్ధారణ’లో ఇమడదు. మీరా సంపత్, ఆమె సహచరులు 1995లో ఆటోమాటాల (ఒక స్థితి నుంచి మరో స్థితికి మారే యంత్ర నమూనాల) విషయంలో ప్రతిపాదించగా, తర్వాత ఇతరులు పెట్రి వలలకూ వర్తింపజేసిన నియమం చూడండి: లోపం జరిగాక పరిమిత సంఖ్యలో ఘటనలు గడిచేలోగా అది తప్పక బయటపడాలి. అంటే కాసేపు ఆగి చూడటం ఆ నిర్వచనంలోనే ఉంది. మీరు భయపడుతున్న ‘నెమ్మది’ అనే అర్థం ఇక్కడ మీకు సాయమే చేస్తుంది.

తక్కిన మాటలు. లోపం మంచి మాట. పాణిని ‘అదర్శనం లోపః’ (కనబడకపోవడమే లోపం) అన్నాడు, మీ లోపమూ కంటికి కనబడనిదే. కంటికందని సంక్రమణానికి ‘గూఢ సంక్రమణం’ అనండి. లక్షణాలు దాచుకున్న రోగాన్ని వైద్యులు ‘గూఢలింగం’ అన్నారు. ‘వివిక్త’ అనగానే నాకు గీతలోని ఏకాంతప్రదేశం తోస్తుంది, ‘విడివిడి ఘటనలు’ అంటే పోదా? వల, జాలం రెండూ సరే. జాలారిపేట ఉన్న ఊళ్లో జాలం ఎవరికి కొత్త?

వ్యాసం పేరు ‘లోప నిదానం’ అనే ఉంచండి. లోపం తేలిపోయిన చోట ‘నిర్ధారణ’ అన్నా నాకు అభ్యంతరం లేదు. లోపం తప్పక బయటపడాలన్న పై నియమానికి నిలిచే గుణాన్ని ‘డయాగ్నోజబిలిటీ’ అంటారు, దానికి ‘నిదానయోగ్యత’ తోచింది గానీ, దానికింకా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు. మీ మాస్టారిని కూడా అడగండి. అచ్చుకిచ్చే ముందు మాత్రం ‘ద’కు ఒత్తు పడిందేమో చూసుకోండి. మీ ఉత్తరంలోనే రెండుచోట్ల ‘నిధానం’ అని పడింది, అది పాతిపెట్టిన నిక్షేపం.