కృత్రిమ కాలు పెట్టాక పడిపోకుండా ఏ సాధన చేయించాలి?

షుగర్ వల్ల మోకాలి కింద కాలు తీసేసిన మీ నాన్నగారు కృత్రిమ కాలితో నిలబడటానికే భయపడుతున్నారన్నారు. ఆ భయం సహజమే. నేల స్పర్శను మెదడుకు చెప్పే పాదం లేదు కదా! ఆ లోటును తుంటి కండరాలు, కళ్లు పూడ్చాలి. అందుకే నడకకన్నా ముందు ఒంటి బరువును ఒక కాలి మీంచి మరో కాలి మీదకు మార్చడం నేర్పిస్తారు. ప్యారలల్ బార్ల (రెండు చేతులతో పట్టుకుని నిలబడే జంట కడ్డీల) మధ్య, ఒక్కో పాదం కింద ఒక్కో బరువు మెషీన్ పెడితే, కృత్రిమ కాలి మీద ఎంత తక్కువ భారం వేస్తున్నారో ఆయనకే కనిపిస్తుంది. ఆ అంకెను మెల్లగా పెంచాలి.

అసలు జాగ్రత్త రాత్రిపూట కావాలి. లేని కాలు ఉన్నట్టే అనిపిస్తుంది. నిద్రమత్తులో బాత్రూంకని లేచి, దాన్నే మోపబోయి పడిపోతారు. మంచం పక్కనే వాకర్, చిన్న లైటు ఉంచండి. లేచేముందు అంచున కూర్చుని, మిగిలిన కాలి భాగాన్ని చేత్తో తడుముకోమనండి. పడితే ఎలా లేవాలో కూడా ఫిజియోథెరపిస్టు దగ్గర ఇప్పుడే నేర్పించండి.