టెక్ సందేహాలు: షింకిరో స్టైల్ జిప్ ఫైల్‌లో రాదు

ఫైటింగ్ గేమ్ బొమ్మల గురించి ఒకసారి రాస్తే సరిపోతుందనుకున్నాను. రెండు నెలలుగా అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి. వాటిలో సగం ‘ఫైల్ క్లిక్ చేశాక నా అకౌంట్ పోయింది సార్’ దగ్గర తేలుతున్నాయి. అందుకే ఈ వారం ఇంకే ప్రశ్నా ముట్టుకోను. వైఫై స్లో అన్నవాళ్ళు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: కింగ్ ఆఫ్ ఫైటర్స్ ఆర్టిస్ట్ షింకిరో అంటే నాకు పిచ్చి. కంప్యూటర్‌లో బొమ్మలు గీయడానికి ‘షింకిరో బ్రష్ ప్యాక్, ఫ్రీ’ అని ఒక వీడియో కింద లింక్ ఉంటే డౌన్‌లోడ్ చేశాను. జిప్‌కి పాస్‌వర్డ్ ఉంది, అదీ అక్కడే ఇచ్చారు. యాంటీవైరస్ ఆపమంటే ఆపాను. క్లిక్ చేస్తే ఏమీ తెరుచుకోలేదు. మర్నాటికి నా ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఫ్రెండ్స్ అందరికీ క్రిప్టో మెసేజ్‌లు వెళ్ళాయి. ఓటీపీ నేనెవరికీ చెప్పలేదు. ఎలా పోయింది? - ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

ఏమీ తెరుచుకోలేదు అంటున్నారు. తెరుచుకోవాల్సింది తెరుచుకుంది, మీకు కనపడలేదంతే.

జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో ఒక్క క్షణం ఆలోచించండి. ఉచితంగా పంచే బ్రష్‌లకి తాళం దేనికి? తాళం ఉంటే మెయిల్ సర్వీసూ, బ్రౌజరూ, యాంటీవైరసూ లోపల ఏముందో తొంగి చూడలేవు. అందుకోసమే ఆ తాళం. ఇక యాంటీవైరస్ ఆపమన్న మాట గురించి నేను చెప్పేదేముంది. కుక్కని కట్టేసి తలుపు తీయమన్నారు, మీరు తీశారు.

ఓటీపీ సంగతికొస్తే, దొంగకి దాని అవసరమే రాలేదు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక ఆ సైటు మీ బ్రౌజర్‌లో ఒక కుకీ దాస్తుంది. ఇంటర్వెల్‌లో బయటికెళ్ళేవాడికి సినిమా హాలు గేటు దగ్గర ఇచ్చే పాస్ లాంటిది అది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళని లోపలికి పంపుతారు, మళ్ళీ టికెట్ అడగరు. ఇన్ఫోస్టీలర్ అనే రకం ప్రోగ్రాములు చేసే పని ఈ పాస్‌లన్నీ, బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లతో సహా, కట్టగట్టి పట్టుకుపోవడం. చాలా వాటికి ఒక నిమిషం కూడా పట్టదు. పని అయ్యాక తమని తామే చెరిపేసుకునేవీ ఉన్నాయి. అందుకే తర్వాత స్కాన్ చేసి ‘ఏ వైరస్సూ లేదు’ అని వస్తే సంతోషపడొద్దు.

ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు దాని మీద మార్చకండి, వేరే ఫోన్‌లో మార్చండి. ముందు మెయిల్‌ది, ఎందుకంటే మిగతా తాళాలన్నీ దానికే వేలాడుతున్నాయి. ఆ తర్వాతే ఇన్‌స్టా. ప్రతి చోటా ‘అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్’ నొక్కండి, లేకపోతే దొంగ చేతిలో ఉన్న పాస్ చెల్లుతూనే ఉంటుంది. రికవరీ మెయిల్, ఫోన్ నంబరు ఎవరైనా మార్చారేమో చూడండి. చాలామంది ఇది మర్చిపోతారు, వారం తర్వాత మళ్ళీ ఉత్తరం రాస్తారు. మీ బొమ్మల ఫైళ్ళు మాత్రం కాపీ చేసుకుని విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి. మెసేజ్ నమ్మి ఫ్రెండ్స్‌లో ఎవరైనా డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

తప్పంతా మీదే అని నేననను. విండోస్ 95 నుంచి నేటి దాకా ఫైలు పేరు చివరి తోకని, అంటే ఎక్స్‌టెన్షన్‌ని, దాచిపెట్టడమే డిఫాల్ట్. ‘బ్రషెస్ డాట్ ఏబీఆర్ డాట్ ఈఎక్స్‌ఈ’ అన్న ప్రోగ్రామ్ ఫైలు మీకు ‘బ్రషెస్ డాట్ ఏబీఆర్’ లాగే కనిపిస్తుంది. 2000 మే నెలలో ప్రపంచాన్ని చుట్టేసిన ‘ఐ లవ్ యూ’ వైరస్ సరిగ్గా ఈ కిటుకుతోనే నడిచింది. ప్రేమలేఖ అని చెప్పి, డాట్ టీఎక్స్‌టీ అని చూపించి, వెనక డాట్ వీబీఎస్ దాచింది. పాతికేళ్ళు దాటాయి. ఆ చెక్‌బాక్స్ తిప్పి పెట్టడానికి ఇంకెన్నేళ్ళు కావాలో నాకర్థం కాదు. ఈలోగా మీరే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి ఎక్స్‌టెన్షన్లు కనపడేలా పెట్టుకోండి. ఫోటోషాప్ బ్రష్ డాట్ ఏబీఆర్, క్లిప్ స్టూడియోది డాట్ ఎస్‌యూటీ, క్రిటాది డాట్ బండిల్. ఏ బ్రష్షూ డాట్ ఈఎక్స్‌ఈగా రాదు, ఫోన్ యాప్ అయిన డాట్ ఏపీకేగా అసలే రాదు.

ఇక షింకిరో. అసలు పేరు తోషియాకి మోరి. 90లలో ఒసాకా దగ్గరి ఎస్‌ఎన్‌కే అనే గేమ్ కంపెనీలో పోస్టర్లు, పాత్రల బొమ్మలు వేశారు. 2000 ప్రాంతంలో పోటీ కంపెనీ క్యాప్‌కామ్‌కి మారారు. నేను ఆడిన వీడియో గేమ్ పార్లర్‌లో ముస్తఫా ఆట మిషన్ పక్కనే కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 ఉండేది. గోడ మీది పోస్టర్‌లో ఆ ఆటలోని క్యో కుసనాగి ముఖం చూసి ఎవరో సినిమా హీరో అనుకున్నాను. ఆ రోజుల్లో ఈ రంగంలో ఎక్కువమంది గీతని నమ్ముకున్నవాళ్ళే. స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫాకి బెంగస్ అనే ఆర్టిస్ట్ వేసిన బొమ్మలే చూడండి, పెద్ద చేతులు, పెద్ద పాదాలు, కత్తితో కోసినట్టుండే ఇంకు గీతలు. షింకిరో గీతని దాదాపు మాయం చేసి, ముఖాన్ని వెలుగునీడలతో చెక్కారు. ముక్కు దూలం మీద ఒక మెరుపు, చెంప ఎముక కింద ఒక పలక నీడ, తోలు జాకెట్ ముడతలో తడి తళుకు. పాత్రలు వాళ్ళ వయసు కంటే పదేళ్ళు పెద్దగా కనిపిస్తాయన్న విమర్శ కూడా ఉంది, అదీ నిజమే.

వీటిలో ఏదీ బ్రష్‌లో లేదు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మామూలు రౌండ్ బ్రష్, ఒక సాఫ్ట్ ఎయిర్‌బ్రష్ చాలు. కష్టమంతా అంచుల దగ్గర ఉంది. ముక్కు నీడ చెంప మీద పడిన చోట అంచు గట్టిగా ఉండాలి, చెంప గుండ్రంగా తిరిగిన చోట కరిగిపోవాలి. కొత్తవాళ్ళు రెండు చోట్లా ఎయిర్‌బ్రష్ రుద్దుతారు, ముఖం బెలూన్ అవుతుంది. ఒక నెల రంగు ముట్టకుండా బూడిద రంగులోనే వేసి చూడండి.

ప్రశ్న: నాకు చేత్తో వేయడం రాదు. షింకిరో స్టైల్‌లో బొమ్మలిచ్చే ఏఐ మోడల్ డాట్ సీకేపీటీ ఫైల్ ఒకటి దొరికింది. ఫైలు మోడలే కదా, ప్రోగ్రామ్ కాదు కదా, సేఫేనా? ఇవన్నీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే చేస్తున్నాను. - ప్రైవేటు ఉద్యోగి, షార్లెట్, అమెరికా

మోడలే కదా అన్న మాటే నా టెన్షన్. పాత పద్ధతి మోడల్ ఫైళ్ళని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని ‘పికిల్’ పద్ధతిలో మూటకడతారు. ఆ మూట విప్పేటప్పుడు లోపల ఏ ఆదేశం రాసి ఉంటే అది నడుస్తుంది. పికిల్ అంటే ఆవకాయే, కానీ ఎవరు పెట్టారో తెలియని జాడీలో చేయి పెట్టకూడదు. అంకెలు తప్ప ఇంకేమీ పట్టని ‘సేఫ్‌టెన్సర్స్’ అనే ఫైలు పద్ధతి వచ్చింది ఈ భయం వల్లే. ఈ మోడళ్ళని లోడ్ చేసే పైటార్చ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా 2025 జనవరిలో వచ్చిన 2.6 వెర్షన్ నుంచి, అంకెలు కాని వాటిని డిఫాల్ట్‌గా లోడ్ చేయడం మానేసింది. డాట్ సేఫ్‌టెన్సర్స్ దొరక్కపోతే ఆ మోడల్ వదిలేయండి.

అక్కడితో అయిపోదు. మోడల్ శుభ్రంగా ఉన్నా దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ప్లగిన్లు ఉంటాయి. 2024 జూన్‌లో కంఫీయూఐ అనే అలాంటి సాఫ్ట్‌వేర్‌కి బయటివాళ్ళు రాసిన ఒక ప్లగిన్, బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లనీ కార్డు వివరాలనీ దొంగిలించి డిస్కార్డ్‌కి పంపుతోందని బయటపడింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇలాంటి ప్రయోగాలు చేస్తున్నారని మీ ఉత్తరం చివరి వాక్యం చదివితే అర్థమైంది. దయచేసి ఈ రోజే ఆపండి. అందులో మీ కంపెనీ తాళాలున్నాయి.

బొమ్మల మాట కూడా ఒకటి చెప్పాలి. ఆ మోడళ్ళు ఇచ్చినవి నేనూ కొన్ని చూశాను. తళుకు ఉంది, ముక్కు ఉంది, జాకెట్టూ ఉంది. వెలుగు మాత్రం ఎటునుంచి వస్తోందో తెలియదు. ఎడమ చెంప మీద ఒక దీపం, జాకెట్ మీద ఇంకో దీపం. షింకిరో పేరు పెట్టి వెతికితే ఇప్పుడు ఈ సరుకే ముందు కనపడుతోంది, ఆయన వేసినవి కిందికి జారిపోయాయి. అసలైనవి చూసి నేర్చుకోవాలంటే 2000, 2001లలో వచ్చిన క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్‌ఎన్‌కే ఆటల బొమ్మలు తీయండి. ఆ సిరీస్‌కి ఆయనతో పాటు కిను నిషిమురా కూడా వేశారు. ఆవిడది తేలిక చేయి, ఎక్కడా బరువు కనపడదు. ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెడితే స్టైల్ అంటే ఏమిటో పది ట్యుటోరియల్స్ చెప్పలేనిది చెప్తాయి.

ప్రశ్న: షింకిరో లాంటి షేడింగ్‌కి 8,192 ప్రెషర్ లెవెల్స్ ఉన్న పెన్ ట్యాబ్లెట్ కొనాలా, 16,384 ఉన్నదా? - విజయవాడ

ఏదైనా ఒకటే. పెన్ను నొక్కే బలాన్ని ఎన్ని మెట్లుగా కొలుస్తుందో చెప్పే ఆ అంకెలు డబ్బా మీద అచ్చేయడానికి. 2,048 దాటాక మీ చేతికి తేడా తెలియదు. తెలిసేది ఏమిటంటే, పెన్ను ఎంత తేలిగ్గా తాకితే గీత మొదలవుతుంది అన్నది. అది ఏ డబ్బా మీదా రాయరు, షాపులో పెన్ను పట్టుకుని చూడాల్సిందే. ట్యాబ్లెట్ డ్రైవర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘డేటా పంపడానికి అంగీకరిస్తున్నాను’ దగ్గర టిక్ తీసేయండి. ఒక పెద్ద కంపెనీ ట్యాబ్లెట్ డ్రైవర్, మనం ఏ యాప్ ఎప్పుడు తెరిచామో గూగుల్ ఎనలిటిక్స్‌కి పంపుతోందని 2020లో ఒక ఇంజినీరు పట్టుకున్నాడు. బొమ్మ గీసే పలకకి నేను ఏ యాప్ తెరిస్తే ఎందుకు?

ప్రశ్న: స్ట్రీట్ ఫైటర్ 2 స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూసి గీస్తున్నాను. ర్యూ లావుగా వస్తున్నాడు, మసగ్గానూ ఉన్నాడు. - పదో తరగతి, ఏలూరు

లావు తప్పు నీది కాదు తమ్ముడూ. ఆ గేమ్ మిషన్ లోపలి బోర్డు ఇచ్చే బొమ్మ 384×224 చుక్కలు. దాన్ని 4:3 టీవీ గాజు మీద పట్టేలా పక్కలనుంచి నొక్కేవాళ్ళు. నువ్వు నొక్కకుండా చూస్తున్నావు, కాబట్టి పావు వంతు పైగా ఒళ్ళు చేశాడు. వెడల్పుని 78 శాతానికి తగ్గించు. మసక పోవాలంటే ముందు చుక్కల అంచులు కలిపేయని ‘నియరెస్ట్ నైబర్’ పద్ధతిలో పది రెట్లు పెంచి, ఆ తర్వాత తగ్గించు. ఏఐ అప్‌స్కేలర్ జోలికి వెళ్ళకు. ఒక పాత్రకి మహా అయితే 15 రంగులు దొరికే రోజుల్లో ఒక్కో చుక్కా లెక్కపెట్టి పెట్టినది, ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని మరక అనుకుని తుడిచేస్తుంది.

ప్రశ్న: షింకిరో తరహాలో క్యో బొమ్మ వేసి టీషర్టులు అమ్మొచ్చా? - హైదరాబాద్

స్టైల్‌కి కాపీరైట్ లేదు. క్యోకి ఉంది. వద్దు.

ప్రశ్న: పాత గేమ్ మ్యాగజైన్‌లోని షింకిరో పేజీలు ఫోన్‌తో ఫోటో తీస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా వస్తున్నాయి, బట్టలు మాత్రం బాగానే ఉన్నాయి. ఫోన్ పాడైందా? - విశాఖపట్నం

పాడవలేదు, అతి తెలివి ఎక్కువైంది. షింకిరో వేసిన ముఖాన్ని మీ కెమెరా నిజం మనిషి ముఖం అనుకుంది. ఒకరకంగా ఆయనకి ఇంతకంటే గొప్ప సర్టిఫికెట్ లేదు. మనిషి అనుకోగానే అందంగా చేద్దామని చర్మం నున్నగా రుద్దేసింది. ఆయన కష్టమంతా ఆ చర్మం మీదే ఉంది! కార్టూన్ ముఖమైతే వదిలేసేదేమో.

బ్యూటీ ఆపేయండి, ఏఐ సీన్ ఆపేయండి, ప్రో మోడ్‌లో ‘రా’ ఫోటో, అంటే ఫోన్ మెరుగులు దిద్దనిది, తీయండి. ఇంకా మంచిది, జిరాక్స్ షాపులో ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయించుకోండి. అచ్చు చుక్కలు కనపడితే స్కానర్ సెట్టింగ్స్‌లో ‘డీస్క్రీన్’ ఉంటుంది. పెన్‌డ్రైవ్ మాత్రం ఖాళీది తీసుకెళ్ళండి. ఊళ్ళో వాళ్ళ పెన్‌డ్రైవ్‌లన్నీ తగిలే కంప్యూటర్ అది.

ఇంతకీ ఆపమంటున్నానే గానీ, ఆ ఆపే బటన్ ఎక్కడుందో మీరు వెతుక్కోవాలి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. నా ఫోన్‌లో బ్యూటీ ఒక మెనూలో, ఏఐ ఇంకో మెనూలో, గ్యాలరీ తనంతట తాను చేసే ‘మెరుగులు’ మూడో చోట, తెర రంగులు నాలుగో చోట. డిస్‌ప్లేని ‘వివిడ్’ నుంచి ‘నేచురల్’కి మార్చేదాకా అందరి చర్మం పసుపు రాసుకున్నట్టే ఉంటుంది. నేను వేసిన బొమ్మ నా ల్యాప్‌టాప్‌లో ఒక రంగు, ఫోన్‌లో ఒక రంగు, వాట్సాప్‌లో పంపించాక ఇంకో రంగు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు చెడదు, కానీ అవతలివాళ్ళ తెర వివిడ్‌లో ఉంటే ఏం లాభం? కెమెరా అంటే ఎదురుగా ఉన్నది పట్టుకునే వస్తువని నేననుకుంటాను. తయారుచేసేవాళ్ళు అలా అనుకోవడం మానేసి చాలా కాలమైంది. షోరూములో పక్కఫోన్ కంటే తెర మెరిస్తే చాలు వాళ్ళకి.

వీటన్నిటినీ ఓ ఆదివారం కూర్చుని ఒక్కొక్కటే ఆపాను. మొన్న రాత్రి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది, వేయకుండా ఉండలేం, వేశాను. పొద్దున లేచి చూస్తే బ్యూటీ మళ్ళీ ఆన్‌లో ఉంది.