డాక్టర్ సలహా: రెండు ఎకోల్లో రెండు అంకెలు.. ఏది నమ్మాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్న వయసు 61. నిరుడు ఆయాసం, కాళ్ల వాపు వస్తే బరంపురంలో చూపించాం. ఎకో (గుండె స్కానింగ్)లో ఈఎఫ్, అంటే గుండె రక్తాన్ని బయటికి నెట్టే శాతం, 30 అన్నారు. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు. మందులు వాడాక తేరుకున్నారు. సంక్రాంతి ముందు శ్రీకాకుళంలో ఎకో తీయిస్తే 42 వచ్చింది. ఏది నమ్మాలి? విశాఖ వెళ్లి ఎంఆర్‌ఐ తీయించాలా? రెండో రిపోర్టు చూశాక, ఇక బాగైందని నాన్న మాత్రలు మానేశారు. రెండు నెలలైంది. మోకాళ్ల నొప్పికి మాత్రం మెడికల్ షాపులో ఇచ్చే బిళ్ల రోజూ వేసుకుంటున్నారు.
- ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: మీరు అడిగింది స్కానింగ్ గురించి. నన్ను భయపెట్టింది మాత్రం మీరు చివర్లో రాసిన రెండు మాటలు. ముందు వాటి సంగతి చూద్దాం.

మాత్రలు ఆపమని డాక్టర్ చెప్పారా? మీరు రాసిన తీరు చూస్తే చెప్పలేదనే అనిపిస్తోంది. గుండె కండరం బలహీనపడినవారికి ఇచ్చే మందులు జ్వరం బిళ్లల్లా తగ్గగానే ఆపేసేవి కావు. ఈఎఫ్ 30 నుంచి 42కి వచ్చిందంటే చాలావరకు వాటి చలవే కావచ్చు. గుండె సాగిపోయే జబ్బు నుంచి కోలుకుని, ఈఎఫ్ 50 దాటినవారికి డాక్టర్ల కళ్లముందే, మెల్లమెల్లగా మందులు ఆపి బ్రిటన్‌లో పరీక్షించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. మందులు ఆపినవారిలో ఆరు నెలల్లోనే 40 శాతం మందికి పైగా జబ్బు తిరగబెట్టింది. మీ నాన్నగారి ఈఎఫ్ ఇంకా 50కి చేరనే లేదు.

ఇది చదివి కంగారుపడి పాత మాత్రలన్నీ పాత మోతాదులోనే ఇవాళే మొదలుపెట్టకండి. వాటిలో బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) ఉంటే, ఇంత విరామం తర్వాత సాధారణంగా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతాం. బీపీ, కిడ్నీ పనితీరు, పొటాషియం చూశాకే మిగతావి. కాబట్టి ఈ వారంలోనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ఇక మోకాళ్ల బిళ్ల. పేరు రాయలేదు. ఇలా రోజూ ఇచ్చేవి చాలావరకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకాలే. ఇవి ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. బలహీనమైన గుండెకు అది మోయలేని బరువు. నీరు పోయే మాత్ర, బీపీ మాత్రలతో కలిస్తే కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు. ఆయాసంతో అర్ధరాత్రి వచ్చే పేషెంట్ల జేబుల్లో ఈ బిళ్లల షీటు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. షాపులో అబ్బాయికి మీ నాన్నగారి గుండె సంగతి తెలియదు కదా! మీరైనా చెప్పి ఉండాల్సింది. ఆ బిళ్ల ఇవాళే ఆపించండి. నొప్పికి ఏం వాడాలో డాక్టర్నే అడగండి.

ఇప్పుడు మీ ప్రశ్న. నిండినప్పుడు ఎడమ జఠరికలో (గుండె కింది గదిలో) ఉన్న రక్తంలో ఒక్కో కొట్టుకు ఎంత శాతం బయటికి నెడుతోందో చెప్పేదే ఈఎఫ్. 120 మిల్లీలీటర్లు నిండి 50 మిగిలితే, 70 బయటికి వెళ్లినట్టు, అంటే 58 శాతం. అది నార్మలే. ఈఎఫ్ 42 అంటే 'గుండె 42 శాతమే బతికుంది' అని కాదు. దయచేసి ఇంట్లో ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

ఎకోలో జఠరిక లోపలి అంచును గీసి ఈ లెక్క కడతారు. అంచు మసగ్గా ఉన్నా, గుండె లయ తప్పినా, ఆ వేళ బీపీ పెరిగినా అంకె మారుతుంది. చేసేవాళ్లు మారితే 5 నుంచి 10 పాయింట్ల తేడా మామూలే. అయితే 30కి, 42కి మధ్య 12 ఉంది, మధ్యలో మందులూ వాడారు. నిజంగానే మెరుగైందని నేననుకుంటాను. చిత్రాలు చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఇకపై వీలైనంతవరకు ఒకేచోట తీయించండి.

కొలతలో ఎంఆర్‌ఐ ఎక్కువ నమ్మదగినది. వంకర ఆకారంలో ఉండే కుడి జఠరికను ఎకోలో సరిగా కొలవడం కష్టం, అక్కడ ఎంఆర్‌ఐ బాగా పనికొస్తుంది. కండరంలో మచ్చ ఉందా అన్నది కూడా కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా కనిపించేలా నరానికి ఎక్కించే మందు) ఇచ్చి చూడొచ్చు. బ్లాకులు లేకుండా గుండె ఎందుకు బలహీనపడిందో తెలుసుకోవడానికి మీ డాక్టర్ అడిగితే తప్పక తీయించండి. కానీ ఏ అంకె నిజమో తేల్చుకోవడానికే అయితే తొందర లేదు. పేస్‌మేకర్ ఉన్నా, కిడ్నీ సమస్య ఉన్నా ముందే చెప్పాలి.

ఈలోగా రోజూ పొద్దున్నే బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. ఎండుచేప, ఊరగాయ, చద్దన్నంలో పైన చల్లుకునే ఉప్పు తగ్గించాలి.

ఆయన్ని నేను పరీక్షించలేదు కాబట్టి చూసే డాక్టర్ మాటే ఆఖరు. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలతోపాటు ఎకోల సీడీలు, పాత మందుల చీటీ, ఆ మోకాళ్ల బిళ్ల షీటు కూడా తీసుకెళ్లండి.