సోర్స్ ఫోల్డర్ డిలీట్ చేసేశాక ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని తీసేయడం ఎలా?

మీరు అడిగింది ఇది: ఉబుంటులో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని (ఆడియో, వీడియోలను మార్చే ప్రోగ్రాం) సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేసి 'సుడో మేక్ ఇన్‌స్టాల్' కొట్టారు, తర్వాత ఆ ఫోల్డర్ డిలీట్ చేశారు, ఇప్పుడు ఆప్ట్‌తో (ఉబుంటు ప్యాకేజీ మేనేజర్) రిమూవ్ చేసినా పాత వెర్షనే పలుకుతోంది. టెన్షన్ పడకండి, శుభ్రంగా తీసేయొచ్చు. సరిగ్గా ఇదే పరిస్థితిలోంచి నేనూ బయటపడ్డాను.

మా నాన్నగారి షష్టిపూర్తి క్యాసెట్‌ని వీడియో ఫైలుగా మార్చడానికి నేనూ ఎఫ్ఎఫ్ఎంపెగ్ బిల్డ్ చేశాను, షేర్డ్ లైబ్రరీలతో (వేరే ప్రోగ్రాములు కూడా వాడుకునే కోడ్ ఫైళ్లు) సహా. ఆ పని బాగానే అయింది. కొన్నాళ్లకు వీడియో ప్లేయర్ తెరుద్దామంటే 'సింబల్ లుకప్ ఎర్రర్' అని మూసుకుపోయింది. ప్లేయర్‌ని మూడుసార్లు తీసి మళ్లీ వేశాను, లాభం లేదు. చివరికి ప్లేయర్ మీద 'ఎల్‌డీడీ' (ప్రోగ్రాం ఏ లైబ్రరీని ఎక్కడి నుంచి తీసుకుంటుందో చూపించే కమాండ్) కొట్టి, వచ్చిన పొడవాటి జాబితాని ఒక్కో లైనే చదువుకుంటూ వెళ్తే దొరికింది. మిగతా లైబ్రరీలన్నీ సిస్టమ్ ఫోల్డర్‌లోంచి వస్తుంటే లిబ్ఏవీకోడెక్ లాంటి ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీలు మాత్రం యూజర్ లోకల్ (/usr/local) కింది లిబ్ ఫోల్డర్ నుంచి వస్తున్నాయి. పేర్లు అవే, లోపల సరుకు వేరు. ఉబుంటు ముందు అక్కడే వెతుకుతుంది కాబట్టి నా బిల్డ్‌నే తీసుకుంది.

ఆప్ట్‌ని తప్పుపట్టడానికి లేదు. 'మేక్ ఇన్‌స్టాల్' ఫైళ్లను కాపీ చేసి ఊరుకుంటుంది, ఆప్ట్‌కి ఒక్క ముక్క కూడా చెప్పదు. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లిందో తెలిసేది ఆ సోర్స్ ఫోల్డర్‌లోని మేక్‌ఫైల్‌కే.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ విషయంలో మీ అదృష్టం ఏంటంటే, 'ఎఫ్ఎఫ్ఎంపెగ్ -వెర్షన్' కొడితే వెర్షన్‌తో పాటు 'కాన్ఫిగరేషన్' అనే లైను కూడా వస్తుంది. బిల్డ్ చేసేటప్పుడు మీరిచ్చిన ఆప్షన్లన్నీ అందులో ఉంటాయి. ఏదీ తీసేయకముందే దాన్ని కాపీ చేసి దాచుకోండి. అదే వెర్షన్ సోర్స్ మళ్లీ దించుకుని, అవే ఆప్షన్లతో కాన్ఫిగర్ చేయండి. గంటసేపు మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు. ముందు 'మేక్ -ఎన్ అన్‌ఇన్‌స్టాల్' కొట్టండి. అది ఏదీ చెరపదు, ఏయే ఫైళ్లు చెరపబోతోందో చూపిస్తుంది. అన్నీ యూజర్ లోకల్ కిందివే అని కళ్లారా చూసుకున్నాక 'సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్', ఆ వెంటనే 'సుడో ఎల్‌డీకాన్ఫిగ్' (లైబ్రరీల జాబితాని తాజా చేసేది). అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్ పాత దారినే గుర్తుపెట్టుకుని అలాంటి ఫైలు లేదంటుంది. దానికి 'హ్యాష్ -ఆర్' చాలు. చివరగా 'విచ్ -ఏ ఎఫ్ఎఫ్ఎంపెగ్' కొట్టి యూజర్ లోకల్ దారి పోయిందో లేదో చూడండి.

యూజర్ లోకల్ ఫోల్డర్ మొత్తాన్ని తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. మీరు చేతితో వేసుకున్న మిగతా ప్రోగ్రాములు కూడా అక్కడే ఉంటాయి.

అన్ని సాఫ్ట్‌వేర్లకూ ఇదే పద్ధతి కుదరదు. సీమేక్ అనే బిల్డ్ టూల్‌తో తయారయ్యేవాటిలో చాలావాటికి అన్‌ఇన్‌స్టాల్ ఉండదు. వాటి బిల్డ్ ఫోల్డర్‌లో 'ఇన్‌స్టాల్ మానిఫెస్ట్' అని ఒక టెక్స్ట్ ఫైలు మిగులుతుంది, అందులో ఉన్న ఫైళ్లను చెరిపితే సరి. మేసన్ అనే మరో బిల్డ్ టూల్ అయితే 'నింజా అన్‌ఇన్‌స్టాల్' ఉంది.

ఇప్పుడు నేను యూజర్ లోకల్ జోలికే వెళ్లడం లేదు. కాన్ఫిగర్ చేసేటప్పుడే ప్రిఫిక్స్‌గా, అంటే ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా, ఆప్ట్ డైరెక్టరీ కింద (ప్యాకేజీ మేనేజర్ కాదు, ఆ పేరుతో రూట్‌లో ఉండే ఫోల్డర్) ప్రోగ్రాం పేరు, వెర్షన్ కలిపి ఒక ఫోల్డర్ ఇస్తాను. బైనరీలు, లైబ్రరీలు, మాన్యువల్ పేజీలు అన్నీ అందులోనే పడతాయి. షేర్డ్ లైబ్రరీలు అడగను కాబట్టి వేరే ప్రోగ్రాములకు అడ్డం రావు. వద్దనుకున్న రోజు ఆ ఒక్క ఫోల్డర్ తీసేస్తే చాలు.